వరస కుదరాలి, రక్తం ఎంత దగ్గరైనా సరే

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో సంబంధం మాట్లాడటానికి నలుగురు కూర్చుంటే కట్నం కన్నా ముందు ఇంటిపేరు, గోత్రం అడుగుతారు. అవి వేరైతే పని అయిపోయినట్టు కాదు. పిల్ల తల్లి పుట్టింటివాళ్లెవరు, పిలగాడి తల్లి పుట్టింటివాళ్లెవరు అని కూపీ లాగుతారు. తల్లులిద్దరూ అక్కచెల్లెళ్ల వరస అయితే పిల్లలు అన్నాచెల్లెళ్లే, మాట అక్కడికి బంద్. అదే పిలగాడి తల్లి, పిల్ల తండ్రి అక్కాతమ్ముళ్లైతే మేనరికమని లగ్గం పెట్టుకుంటారు.

జన్యుశాస్త్రం దృష్టిలో ఈ రెండు జంటలూ ఒకటే. పుట్టబోయే బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం రెండింట్లోనూ 1/16. అక్కబిడ్డను చేసుకుంటే అది 1/8. తరతరాలుగా మేనరికాలే చేసుకుంటూ వచ్చిన ఇంట్లో అసలు లెక్క ఇంకా పెరుగుతుంది. అంటే 1/16 ను ఒకచోట మహాపాపమంటున్నాం, 1/8 కి పందిరి వేస్తున్నాం. ‘జబ్బులొస్తాయని తెలిసే పెద్దలు వరసలు పెట్టారు’ అనే వాట్సాప్ విజ్ఞానం ఈ ఒక్క లెక్క ముందే నిలవదు.

కలిసి పెరిగినవారి మధ్య కోరిక పుట్టదని, నిషేధం అందులోంచే వచ్చిందని 1891లో ఫిన్లాండ్ సామాజిక శాస్త్రవేత్త వెస్టర్‌మార్క్ అన్నాడు. చిన్నప్పుడే అత్తింటికి తెచ్చి పెంచిన పిల్లనే కోడల్ని చేసుకునే తైవాన్ ఆచారాన్ని మానవశాస్త్రవేత్త ఆర్థర్ వుల్ఫ్ పరిశీలిస్తే, అలాంటి జంటల్లో విడాకులు ఎక్కువ, పిల్లలు తక్కువ అని తేలింది. ఇది బలమైన ఆధారమే. కానీ పాలమూరు నుంచి ముంబైకి, నల్లగొండ నుంచి భివండి మగ్గాలకు వలసపోయిన కుటుంబాలను చూడండి. అన్న పిల్లలు అక్కడ పెరుగుతారు, తమ్ముడి పిల్లలు ఇక్కడ. ఒకరి మొహం ఒకరు ఎరగకపోయినా వాళ్లు అన్నాచెల్లెళ్లే. పక్క వాకిట్లో రోజూ కొట్లాడుతూ పెరిగిన మేనబావ మాత్రం మొగుడు కావచ్చు. విముఖత ఒక్కటే నిషేధానికి మూలమైతే గీత ఇలా పడదు.

1949లో ఫ్రెంచి మానవశాస్త్రవేత్త లెవీ స్ట్రాస్ చెప్పింది మన దగ్గర ఎక్కువ అతుకుతుంది. ఏ పిల్లను నువ్వు చేసుకోకూడదో ఆ పిల్లను ఇంకో ఇంటికి ఇవ్వాలి. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే చుట్టరికం. ఆడబిడ్డనిచ్చిన ఇంటితో సంబంధం తెగకుండా మళ్లీ పిల్లను తెచ్చుకోవడం మేనరికం. భూమి బయటికి పోదన్న లెక్క దానికి తోడైంది. అమ్రాబాద్ గుట్టల్లోని చెంచులకు శాస్త్రం చెప్పే పురోహితుడు లేడు, చేజారిపోయే పొలమూ లేదు. 1940 ప్రాంతంలో అక్కడ పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ వాళ్లలోనూ ఇదే గీత చూశాడు: ఒకే ఇంటిపేరులో పెళ్లి లేదు, మేనరికం సరే. దేవరకొండ లంబాడీ తండాల్లో రాఠోడ్‌కి రాఠోడ్ పిల్లనివ్వడు. అయితే తల్లీకొడుకుల, తండ్రీకూతుళ్ల నిషేధాన్ని ఇచ్చిపుచ్చుకోవడం ఒక్కటే వివరిస్తుందంటే నమ్మబుద్ధి కాదు. అక్కడ వెస్టర్‌మార్క్ వైపే మొగ్గాలి.

ధర్మగ్రంథాల మధ్య కూడా రాజీ లేదు. మేనమామ కూతుర్ని, మేనత్త కూతుర్ని చేసుకోవడం దక్షిణాది ఆచారమని ధర్మసూత్రాలు రాసిన బౌధాయనుడు నమోదు చేశాడు. మనువు పదకొండో అధ్యాయంలో వాళ్ల పొందుకు చంద్రకళలను బట్టి ముద్దలు తగ్గిస్తూ పెంచుతూ తినే చాంద్రాయణ వ్రతం ప్రాయశ్చిత్తంగా పెట్టాడు. ఖురాన్ నాలుగో సూరా 23వ ఆయత్ తన అక్కచెల్లెళ్ల కూతుళ్లను, తన అన్నదమ్ముల కూతుళ్లను నిషేధిస్తుంది, పెదనాయిన కూతుర్ని నిషేధించదు. ఒకే వాడలో ఒక ఇంటి హరామ్ పక్కింటి ఆనవాయితీ.

ఋగ్వేదం పదో మండలంలో యమి అడిగితే తోబుట్టువు యముడు కాదంటాడు. సుభద్ర మాత్రం అర్జునుడికి సాక్షాత్తూ మేనమామ కూతురు. ఇది ఇరుకున పెట్టబట్టే మీమాంస పండితుడు కుమారిల భట్టు ఆమె వసుదేవుడి సొంత బిడ్డ కాదని వాదించాల్సి వచ్చింది. మన కథకులకు ఆ ఇబ్బందే లేదు. వ్యాసుడి భారతంలో లేని శశిరేఖను తెచ్చి, మేనబావ అభిమన్యుడికి కట్టబెట్టారు.

చిక్కు వచ్చేది కోర్టులో. 1955 హిందూ వివాహ చట్టం మేనమామ పెళ్లినీ, అక్కాతమ్ముళ్ల పిల్లల పెళ్లినీ కూడా నిషిద్ధ జాబితాలోనే పెట్టింది. ఆచారం ఉంటేనే మినహాయింపు. ఆ ఆచారం చాలాకాలంగా, తెంపు లేకుండా, ఒకే తీరుగా నడిచిందని చూపించే బరువు చెప్పుకున్నవాళ్లదే. మనోవర్తి కేసులోనో ఆస్తి తగాదాలోనో అవతలివాళ్లు ‘ఆ పెళ్లే చెల్లదు’ అంటే ‘మాలో అందరూ చేసుకుంటారు’ అన్న జవాబు చాలదు. తమ కులంలో, తమ ఇంట్లో జరిగిన పెళ్లిళ్లు పేర్లతో, సాక్షులతో చెప్పాలి. పెళ్లి చెల్లకపోయినా 16వ సెక్షన్ ప్రకారం పిల్లలు సక్రమ సంతానమే.

పెద్దలు కూడా పొరబడేది దత్తత దగ్గర. 1956 దత్తత చట్టం 12వ సెక్షన్ ప్రకారం దత్తు పోయినా కన్నవారింట్లో పెళ్లాడకూడనివాళ్లు పెళ్లాడకూడనివాళ్లే. కాగితం లేకుండా చెల్లెలి కొడుకును తెచ్చి పెంచుకున్న ఇళ్లలో ఒక తరం దాటితే ఆ సంగతి తెలిసినవాళ్లు ఉండరు. మారిన ఇంటిపేరు చూసి, కన్నతల్లి ఎవరో అడగకుండానే సంబంధం కుదుర్చుకుంటారు.