సొంత మాటలు బోర్డు మీద ఉన్నాయి, చూసి రాసుకోండి

మా మేనకోడలు ఎనిమిదో తరగతి. మొన్న దాని ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే చదువు సాగుతుండగానే బళ్లో చేసే మదింపు) ప్రాజెక్టు నోట్సు నా చేతికి దొరికింది. 'మీ ఊరి చెరువు గురించి పెద్దలను అడిగి తెలుసుకొని, మీ సొంత మాటల్లో రాయండి' అని ప్రశ్న. కింద ఎర్ర సిరాతో పదికి నాలుగు. పక్కనే సారు గారి సూచన: 'బోర్డు చూసి రాయవలెను.'

సొంత మాటలు బోర్డు మీద ఉంటాయని తెలియక, పిచ్చిపిల్ల, సొంతంగా రాసేసింది.

పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, తమంతట తామే కనిపెడుతూ నేర్చుకోవాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో ఉంది. నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలని కూడా అక్కడే ఉంది. దాని చలవే ఈ ఎఫ్‌ఏలు. పిల్లల ప్రతిస్పందనకు కూడా మార్కులుంటాయి. అందుకే స్పందన ముందుగానే డిక్టేట్ చేస్తారు.

ఎలా జరిగిందో మేనకోడలే చెప్పింది.

"రాసుకోండర్రా. 'నేను మా తాతయ్యను అడిగాను.' ఫుల్‌స్టాప్."

"సార్, మా తాతయ్య చనిపోయాడు సార్."

"అయినా రాయి."

"సార్, మాకు నానమ్మే ఉంది."

"తాతయ్యే రాయమ్మా. తలా ఒకటి రాస్తే నేను దిద్దొద్దూ?"

ఆ విధంగా బతికున్నవాళ్లూ పోయినవాళ్లూ కలిసి 41 మంది తాతయ్యలు ఒకే పూట ఒకే వాక్యం పలికారు: 'మన చెరువు తామరపూలతో కలకలలాడుతూ ఉంటుంది.' బోర్డు మీద 'కళకళ' కాస్తా 'కలకల' అయింది కనుక 41 నోట్సుల్లోనూ చెరువు కలకలలాడింది. సారు 41 సార్లు టిక్కు పెట్టారు.

ఆయన్ని మాత్రం ఏమంటాం? విద్యార్థి కేంద్రిత బోధన మీద ఆయనకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకాయన స్లైడ్లు చదివాడు, వీళ్లు నోట్సులో ఎక్కించుకున్నారు. సందేహాలు చివర్లో అడగమన్నారు. చివర్లో టీ ఇచ్చారు.

పదో తరగతిలో ఇలాంటి పనులకే 20 ఇంటర్నల్ మార్కులు పెట్టారు. బళ్లు పోటీపడి 20కి 20 వేసుకున్నాయన్న మాట అందరికీ తెలిసిందే. ఆంధ్రప్రదేశ్ 2019లో వాటిని ఎత్తేసింది. తెలంగాణ 2024 నవంబరులో ఎత్తేస్తున్నామని చెప్పి, వెంటనే మరుసటి ఏడాదికి వాయిదా వేసింది.

ఇంతకీ నాలుగు మార్కుల పిల్ల ఏం రాసిందో చూడండి. 'మా ఊళ్లో ఇప్పుడు చెరువు లేదు. మా నానమ్మ పెళ్లై వచ్చినప్పుడు ఉండేదంట. గేదెల్ని కడిగేవాళ్లంట. ఇప్పుడు అక్కడ ప్లాట్లు. వాన పడితే నాలుగో వీధిలో నడుం లోతు నీళ్లు. చెరువు తన ఇంటికి తను వచ్చిందే అంటుంది నానమ్మ.'

దీనికి నాలుగా? పదమూడేళ్ల పిల్ల ముసలావిడ పక్కన కూర్చుని, అడిగి, విని, ఉన్నదున్నట్టు రాసింది. ఆ చట్టం, ఆ శిక్షణలు, ఆ రికార్డులు, యాప్‌లో ఎక్కించే ఆ ఫొటోలు, అన్నీ ఈ ఒక్క పేజీ కోసం కాదూ? తీరా ఆ పేజీ వస్తే ఎర్ర గీత గీస్తారా! లేని చెరువులో తామరపూలు పూయించినవాళ్లకు పదికి పది, చెరువు పోయిందన్న పిల్లకు శిక్షా? సిగ్గుండాలి.

నిన్న ఎఫ్‌ఏ-2 ప్రాజెక్టు ఇచ్చారట. 'మీ ఊళ్లో ఒక సమస్యను గుర్తించి రాయండి.' సాయంత్రం వెళ్లేసరికి మేనకోడలు నోట్సు తెరిచి, మార్జిన్ కొట్టి, ఊరికే కూర్చుని ఉంది.

"రాయవే, ఇంకా చూస్తావేం?" అన్నాను.

"ఆగు మావయ్యా, సార్ ఇంకా సమస్య చెప్పలేదు."