యాసలకు ధరల పట్టిక కావాలి

తెలుగు భాష అంతరించిపోతోందని సభల్లో కన్నీరు పెట్టుకునే పెద్దలు ఒక్కసారి యూట్యూబ్ తెరిచి చూస్తే ఊరట పొందుతారు. అమెరికా నుంచి వచ్చిన తెల్లదొర ఒకడు కెమెరా ముందు నిలబడి "నామస్కారామ్, నేను టెలుగు మాట్లాడుటాను" అన్నాడా, కింద మనవాళ్ళు దిష్టి తీస్తారు. మాతృభాష మీద ఇంత మమకారం మన గుండెల్లో దాగి ఉందని, దాన్ని పైకి తీయడానికి ఒక విదేశీ నాలుక చాలునని అప్పుడే తెలుస్తుంది.

ఆ నాలుక కష్టం నిజమైనదే. ఇంగ్లీషువారి "ట" మన "త"లా పళ్ళను తాకదు, మన "ట"లా వెనక్కి మడత పడదు, మధ్యలో పంటి చిగురు దగ్గర ఆగిపోతుంది. అందుకే వాళ్ళు ఆప్యాయంగా "తాత" అని పిలిచినా మనకు వీడ్కోలు చెబుతున్నట్టు ఉంటుంది. మాట మొదట్లో "ప" వస్తే అడగకపోయినా ఊపిరి జోడించి పాలను "ఫాలు" చేస్తారు. ఒత్తులు పలకలేక తెలుగు మాస్టారి చేత బెత్తం దెబ్బలు తిన్న జాతికి ఇది కొంచెం అసూయ కలిగించే విషయమే. తెలుగు ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి పంచే భాష. ఇంగ్లీషు ఒక్క అక్షరాన్ని నెత్తిన పెట్టుకుని మిగిలినవాటిని మింగేస్తుంది. ఆ అలవాటుతో ద్విత్వం కూడా గొంతులోకి జారిపోయి "అమ్మ" కాస్తా "అమ" అవుతుంది.

దీనికి వాళ్ళను తప్పు పట్టకూడదు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే పసిపిల్లలకు హిందీలోని త, ట శబ్దాలు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో చాలామంది ఆ తేడా పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలకు వచ్చేసరికి ఆ శక్తి దాదాపు పోయింది. ఏడాది నిండకుండానే చెవి తనకు అక్కర్లేని శబ్దాలకు తలుపు వేసేస్తుందన్న మాట. వేసిన ఆ తలుపును నలభై ఏళ్ళ వయసులో తోసుకుని వచ్చే దొరకు శాలువా కప్పడంలో నాకు అభ్యంతరం లేదు.

అయితే ఈ శాస్త్రం దొరలకు మాత్రమే వర్తిస్తుందా అన్నది నా వినయపూర్వక సందేహం. హిందీలో మనలా హ్రస్వమైన ఎ, ఒ లేవు. కాబట్టి బీహారు నుంచి హైదరాబాదు వచ్చి మన అపార్టుమెంట్లు కట్టే కూలి "కొంచెం" అనాల్సిన చోట "కోంచేం" అంటాడు. అతను ఏ ఫోను యాప్‌లోనూ పాఠాలు వినలేదు, మేస్త్రీ తిట్లే అతని పెద్దబాలశిక్ష. బేరమాడతాడు, దారి అడుగుతాడు, కూలి బాకీ గుర్తు చేస్తాడు, అంతా తెలుగులోనే. అతనికి దిష్టి తీసినవారెవరూ నాకు కనబడలేదు. అనుకరించి నవ్వినవారు మాత్రం కావలసినంత మంది ఉన్నారు.

అదే హిందీ నాలుక విమానంలో వచ్చి రికార్డింగ్ స్టూడియోలో దిగితే లెక్క మారిపోతుంది. ముంబయి గాయకుడు ప్రియురాలి కళ్ళను "కల్లు" అని పాడితే ప్రేమగీతం ఎక్సైజు శాఖ పరిధిలోకి వెళ్ళినా మనం తల ఊపుతాం. ఇంకొన్నాళ్ళకు నిఖార్సయిన తెలుగింటి యాంకరమ్మలు పెళ్ళిని "పెల్లి", నీళ్ళను "నీల్లు" చేసి తాము కూడా దూరం నుంచే వచ్చామని నిరూపించుకుంటారు. ఇక మన సొంత యాసలకు సినిమా ఏనాడో ఉద్యోగాలు ఇచ్చేసింది: శ్రీకాకుళం యాసకు పనిమనిషి వేషం, తెలంగాణ యాసకు చాలాకాలం రౌడీ వేషం. హీరోకు మాత్రం ఊరు ఉండదు.

దీన్నిబట్టి యాసను మనం చెవితో వినడం లేదని తేలుతోంది. అమెరికాలో డొనాల్డ్ రూబిన్ 1992లో ప్రచురించిన పరిశోధనలో ఒహాయోకు చెందిన ఒక మహిళ చదివిన పాఠాన్నే విద్యార్థులందరికీ వినిపించారు. కొందరికి తెల్లజాతి మహిళ ఫొటో చూపించారు, కొందరికి ఆసియా మహిళ ఫొటో. ఆసియా ముఖం చూసినవారికి అదే గొంతులో విదేశీ యాస వినిపించింది, పాఠం కూడా తక్కువ అర్థమైంది. లేని యాసను వినగలిగే ఈ విద్య మనకు పరీక్షలు పెట్టకుండానే వచ్చినందుకు గర్వించవచ్చు.

మనం అటు వెళితే కథ తిరగబడుతుంది. మన నోట ఇంగ్లీషు అక్షరం "ఎస్" ముందు "య" చేరి "యెస్" అవుతుంది, "ఓన్లీ" ముందు "వ" చేరి "వోన్లీ" అవుతుంది. షికాగోలో లెవ్-ఆరి, కీసర్ అనేవారు 2010లో వెల్లడించిన ప్రయోగంలో, ఒంటె కన్నా జిరాఫీ ఎక్కువ కాలం నీళ్ళు లేకుండా ఉండగలదనే తరహా వాక్యాలను విదేశీ యాసలో వింటే జనం తక్కువగా నమ్మారు. ఆ మాటలు చదివేవారి సొంతం కావని, ఎవరో రాసిచ్చినవని చెప్పినా అంతే. జిరాఫీ దాహానికే ఈ గతి పట్టినప్పుడు, వీసా కిటికీ దగ్గర మనవాడు "నేను చదువుకుని తిరిగి వచ్చేస్తాను" అంటే ఏం నమ్ముతారు?

అందుకే మన కాల్‌సెంటర్లలో యాసను అరగదీసే శిక్షణలు వచ్చాయి. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు. ఇక్కడి ఉద్యోగి తన యాసలో మాట్లాడుతుంటే అక్కడి కస్టమరుకు అమెరికా యాసలో వినిపించే సాఫ్ట్‌వేర్ వచ్చింది.

ప్రభుత్వానికి నా మనవి ఇదే. పాస్‌పోర్టు దూరాన్నిబట్టి ఏ యాసకు హారతి, ఏ యాసకు నవ్వు, ఏ యాసకు రౌడీ వేషం అన్నది ధరల పట్టికగా అచ్చువేసి పంచాయతీ ఆఫీసుల్లో అంటించాలి. ఆ సాఫ్ట్‌వేర్‌ను తెలుగులో చేయించి కట్టుబడి పనులు జరిగే చోట్ల ఉచితంగా పంచాలి. బీహారు కూలి ఫోనులో "సార్, ఇటుకలు అయిపోయాయి" అంటే ఇంటి యజమానికి అది టెక్సాస్ యాసలో వినిపించాలి. ఆయన పొంగిపోయి ఇటుకలతో పాటు శాలువా కూడా పంపుతాడు. కూలి బాకీ మాటకొచ్చేసరికి మాత్రం ఏ యాసలో చెప్పినా సిగ్నల్ సరిగా అందదు.