జీతాన్ని గంటలతో భాగిస్తే ఫీజు రాదు

ఉద్యోగం వదిలి స్వతంత్రంగా పని మొదలుపెట్టేవారికి సలహా పేరుతో ఒక సందేశం కొన్నేళ్లుగా చేతులు మారుతోంది. అందులో చెప్పేది ఇది: పాత జీతాన్ని ఏడాది పనిగంటలతో భాగించండి, అదే మీ గంట ఫీజు; మొదట్లో తక్కువకు చేయండి, పేరు వచ్చాక పెంచుకోవచ్చు; గంటల లెక్కే అందరికీ న్యాయం; ఇతరులు ఎంత తీసుకుంటున్నారో కనుక్కుని కొంచెం తగ్గించి చెప్పండి; ఒకసారి చెప్పిన ఫీజు పెంచితే క్లయింట్లు వెళ్లిపోతారు. పంపేవారి ఉద్దేశం మంచిదే. కానీ డేటాబేస్ సలహాదారుగా పదమూడేళ్లుగా బతుకుతున్న నేను మొదటి రెండేళ్లు ఈ మాటలు నమ్మి నష్టపోయాను. ఇవే నమ్మి దిగి, ఏడాది తిరగకుండానే మళ్లీ ఉద్యోగం వెతుక్కున్న సమర్థులను చూశాను. అందుకే ఒక్కొక్క మాటకూ జవాబు రాస్తున్నాను.

జీతాన్ని భాగించే లెక్కతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా తప్పులన్నీ దీని మీదే నిలబడ్డాయి. వారానికి 40 గంటల చొప్పున 52 వారాలకు 2,080 గంటలు. ఉద్యోగికి ఇది సరైన లెక్కే. సెలవులో ఉన్నా, సమావేశంలో కూర్చున్నా, ఆ రోజు పని లేకపోయినా సంస్థ జీతం ఇస్తుంది. మనకు ఆ గంటలకు డబ్బు ఇచ్చేవారు ఉండరు. సెలవులకూ అనారోగ్యానికీ ఆరు వారాలు తీసేస్తే 1,840 గంటలు మిగులుతాయి. ప్రతిపాదనలు రాయడం, కొత్తవారితో మాట్లాడటం, బిల్లులు వేయడం, రావలసిన డబ్బును పదేపదే గుర్తుచేయడం, కొత్త విషయాలు నేర్చుకోవడం అన్నీ అందులోనే జరగాలి. ఇవన్నీ పోగా అరవై శాతం సమయానికి బిల్లు వేయగలిగితే బాగా నడుస్తున్నట్టే. అంటే సుమారు 1,100 గంటలు. అమెరికన్ బార్ అసోసియేషన్ 1958లో న్యాయవాదుల ఆదాయం గురించి వెలువరించిన చిన్న పుస్తకం కూడా ఏడాదిలో ఫీజు తెచ్చే గంటలను దాదాపు 1,300గానే లెక్కించింది. పాత జీతంలో కనబడని ఖర్చులు ఇంకా ఉన్నాయి. బీమా, పదవీ విరమణ నిధి, కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, ఖాతాలు రాసేవారి రుసుము వంటివి నిన్నటిదాకా సంస్థ మోసింది, ఇక మీరే మోయాలి. జీతం 100 అనుకుని వీటికి 30 కలపండి. 130ని 1,100తో భాగిస్తే వచ్చే అంకె, సందేశం చెప్పిన అంకెకు దాదాపు రెండున్నర రెట్లు. ఖర్చులు అసలే లేవనుకున్నా రెట్టింపుకు దగ్గరగా వస్తుంది. పైగా ఇది ఫీజు కూడా కాదు. ఇంతకు తగ్గితే నష్టం అని చెప్పే గీత మాత్రమే. ఆ పైన ఎంత అన్నది మీ పని వల్ల ఎదుటివారికి ఒరిగే లాభాన్ని బట్టి ఉంటుంది.

గంటల లెక్కే న్యాయం అన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తుంది. ఒక సంస్థలో రోజూ ఉదయం ఆర్డర్ల వ్యవస్థ గంటసేపు స్తంభించిపోయేది. వాళ్లు మూడు నెలలు తంటాలు పడ్డాక నన్ను పిలిచారు. ఒక పెద్ద పట్టికకు ఇండెక్స్ (వివరాలను త్వరగా వెతికిపెట్టే సూచిక) లేకపోవడమే కారణమని నలభై నిమిషాల్లో తేలింది. ఒక గంటకు బిల్లు వేశాను. అదే నెలలో నాకు అంతగా తెలియని వ్యవస్థ మీద మూడు రోజులు తడబడి ఇరవై నాలుగు గంటలకు బిల్లు వేశాను. బాగా తెలిసిన పనికి ఒక వంతు, తెలియని పనికి ఇరవై నాలుగు వంతులు! నా అనుభవం పెరిగేకొద్దీ నా ఆదాయం తగ్గే ఏర్పాటు అది. దాన్ని న్యాయం అని ఎలా అనగలం? క్లయింటుకూ అందులో మేలు లేదు. పని ఆలస్యమైతే బిల్లు పెరుగుతుంది, ఎంతకు తేలుతుందో ముందుగా తెలియదు, చిన్న సందేహం అడగడానికి కూడా గడియారం చూసుకోవాలి.

1878లో లండన్‌లో చిత్రకారుడు విస్లర్ వేసిన పరువు నష్టం దావాలో ఇదే ప్రశ్న వచ్చింది. ఒక చిత్రం మీద రెండు రోజుల శ్రమకా రెండు వందల గినీలు (అప్పటి ఇంగ్లండు డబ్బు లెక్క) అడుగుతున్నారని ప్రతివాది న్యాయవాది నిలదీస్తే, కాదు, జీవితకాలమంతా గడించిన జ్ఞానానికి అని ఆయన జవాబిచ్చాడు. దావా గెలిచాడు, కానీ జ్యూరీ ఇప్పించిన పరిహారం ఒక్క ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగో వంతు. మరుసటి ఏడాది దివాలా తీశాడు. ఆ జవాబు నాకు ఎంతో ఇష్టం. అయినా దాన్ని పని పూర్తయ్యాక వాదనగా వాడకూడదని నా అభిప్రాయం. పనికి ముందే మొత్తం ఫీజు చెప్పాలి. ఏమేమి చేస్తాం, ఎన్నిసార్లు సవరిస్తాం, ఏది అదనం అన్నవి రాసి ఇవ్వాలి. పని పరిధి ఎవరికీ తెలియని సందర్భాల్లో, ఉదాహరణకు ఎవరో వదిలేసి వెళ్లిన పాత వ్యవస్థను విప్పి చూడవలసి వచ్చినప్పుడు, గంటల లెక్కే సరైనది. అప్పుడు కూడా ఇన్ని గంటలు దాటితే ముందుగా అడుగుతానని ఒక హద్దు పెట్టండి.

మొదట్లో తక్కువకు చేయమన్న సలహాలో లోపం ఏమిటంటే, తొలిసారి విన్న అంకె ఎదుటివారి మనసులో మీ విలువగా స్థిరపడుతుంది. వాళ్లు మిమ్మల్ని పరిచయం చేసే కొత్తవారు కూడా అదే అంకె విని వస్తారు. తగ్గించక తప్పకపోతే బిల్లులో పూర్తి ఫీజు రాసి, కింద తగ్గింపు చూపించి, అది ఏ తేదీ వరకో చెప్పండి. ఇంతకంటే మంచి పద్ధతి పనిని తగ్గించడం: మీరు ఇవ్వగలిగిన మొత్తానికి ఈ రెండు భాగాలు చేస్తాను, మూడోది తర్వాత చూద్దాం అనండి. ఇరవై శాతం తగ్గింపు చూడటానికి చిన్నదే. కానీ వంద వచ్చేచోట ముప్ఫై ఖర్చు ఉంటే, చేతికందే డెబ్బై కాస్తా యాభై అవుతుంది.

ఇతరుల ఫీజు తెలుసుకోవడం అవసరమే. వారి కంటే తగ్గించడమే పద్ధతిగా పెట్టుకుంటే మాత్రం వారి ఖర్చులు, వారి నైపుణ్యం ఏమీ తెలియకుండానే వారి లెక్కను నెత్తికెత్తుకున్నట్టు.

పెంచితే వెళ్లిపోతారన్న భయంలో కొంత నిజం ఉంది, కొందరు వెళతారు. మీకు సమానమైన ఐదుగురు క్లయింట్లు ఉన్నారనుకోండి. ఫీజు పాతిక శాతం పెంచితే ఒకరు వెళ్లిపోయారు. ఆదాయం అంతే ఉంటుంది, ఐదో వంతు సమయం మిగులుతుంది. నేను మూడు నెలల ముందే ఉత్తరం రాస్తాను. నడుస్తున్న పనులకు పాత ఫీజే ఉంటుందని, కొత్త ఫీజు ఫలానా తేదీ తర్వాత ఒప్పుకునే పనులకేనని అందులో ఉంటుంది. క్షమాపణ ఉండదు. కారణాలు ఏకరువు పెట్టను. నేను తొలిసారి ఆ ఉత్తరం రాయడానికి నాలుగేళ్లు పట్టింది. అది అందుకున్న ఆరుగురిలో ఒకరే వద్దన్నారు. ఇద్దరైతే వచ్చే ఏడాది పనికి అడ్వాన్సు పంపారు.