చవక టీని ఎందుకు పారబోశారు?

బోస్టన్ టీ పార్టీ ఎందుకు జరిగిందని ఎనిమిదో తరగతి పిల్లల్ని అడగండి. "టీ మీద పన్ను పెంచారు, అందుకని కోపం వచ్చింది" అని చాలామంది చెబుతారు. ఆ జవాబు తప్పు. అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో, 1773 మే నెలలో బ్రిటిష్ పార్లమెంటు చేసిన టీ చట్టం కొత్త పన్ను వేయలేదు, పాతదాన్ని పెంచనూ లేదు. పైగా అమెరికాలో టీ ధర తగ్గే ఏర్పాటు చేసింది. అలా చవకైన టీనే డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో అక్కడి వలసవాసులు 342 పెట్టెలు పగలగొట్టి నీళ్లపాలు చేశారు. చవకగా వస్తున్న సరుకును ఎవరైనా ఎందుకు పారబోస్తారు?

అమెరికా తొలినాళ్ల చరిత్రను మిడిల్ స్కూల్ పిల్లలకు ఇలాంటి ఒక చిక్కుముడి పట్టుకునే చెప్పాలన్నది నా వాదన. టెక్సస్, కాలిఫోర్నియాల్లో ఎనిమిదో తరగతిలో, న్యూయార్క్‌లో ఏడో తరగతిలో ఈ పాఠం వస్తుంది. అమెరికాలోని మన తెలుగు ఇళ్లలో పరీక్ష ముందు రాత్రి స్టాంపు చట్టం 1765, టౌన్‌షెండ్ చట్టాలు 1767, టీ చట్టం 1773 అని అప్పజెప్పించుకుంటాం. ఎక్కాలు వచ్చిన పద్ధతిలో చరిత్ర రాదు. సంవత్సరాలు నోటికొచ్చిన పిల్లలు కూడా ఒక పాత ఉత్తరమో బొమ్మో ముందుపెట్టి "ఇది ఎవరు, ఎందుకు చేశారు?" అంటే తెల్లమొహం వేస్తారు.

దీనికి 40 నిమిషాల చొప్పున మూడు విడతలు చాలు. మొదటిసారి ప్రశ్న మాత్రమే వేయండి. పిల్లలు చెప్పిన ఊహలన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించండి. జవాబు చెప్పొద్దు. పెద్దవాళ్లు ఎక్కువగా తొందరపడేది ఇక్కడే, అక్కడితో ప్రశ్న చచ్చిపోతుంది.

తర్వాత లెక్క చేయించండి. పోయిన టీ బరువు 92,000 పౌండ్ల పైమాట, దానిమీద టౌన్‌షెండ్ చట్టాల నాటి నుంచి ఉన్న పాత సుంకం పౌండుకు 3 పెన్నీలు. ఆనాటి ఒక స్టెర్లింగ్ పౌండుకు 240 పెన్నీలు. 92,000ను 3తో గుణిస్తే 2,76,000 పెన్నీలు, అంటే 1,150 పౌండ్లు. కంపెనీ చెప్పుకున్న నష్టం 9,659 పౌండ్లు. సుంకం 1,150 అయితే అంతకు ఎనిమిది రెట్ల సరుకు పోగొట్టారన్నమాట. గొడవ డబ్బు మొత్తం గురించి కాదేమోనన్న అనుమానం పిల్లలకు అప్పుడు వాళ్లంతట వాళ్లకే వస్తుంది. బరువుకూ డబ్బుకూ పౌండు అనే మాటే కాబట్టి పిల్లలు తప్పకుండా తడబడతారు. రెండింటినీ రెండు రంగుల్లో రాయించండి.

రెండోసారి టీ వచ్చిన దారి చూపడానికి ప్రపంచపటం, ఒక దారం కావాలి. ఆ టీ మన అస్సాంది అనుకునే పిల్లలుంటారు, పెద్దలూ ఉంటారు. అది చైనా టీ. కాంటన్‌లో కొని లండన్‌కు చేర్చింది ఈస్టిండియా కంపెనీ. అంతకుముందు కంపెనీ లండన్ వేలంలో అమ్మితే దళారులు కొని అమెరికా వర్తకులకు అమ్మేవారు. కొత్త చట్టంతో, అమెరికాకు పోయే టీ మీద ఇంగ్లండులో కట్టిన సుంకం కంపెనీకి వాపసు వస్తుంది, సరుకును తానే నేరుగా తనకు నచ్చిన ఏజెంట్లకు పంపుకోవచ్చు. బోస్టన్ ఏజెంట్లలో గవర్నర్ హచిన్సన్ కొడుకులు ఇద్దరున్నారు. ఈ ఒక్క సంగతి చెప్పగానే పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

ఇప్పుడు చీటీలు పంచండి: ఏజెన్సీ దక్కని వర్తకుడు, డచ్చివాళ్ల టీని దొంగచాటుగా తెచ్చి అమ్మేవాడు, గవర్నర్ కొడుకు, మసాచుసెట్స్ శాసనసభ సభ్యుడు. "ఈ చట్టంతో నీకేం వస్తుంది, ఏం పోతుంది?" అని ఒక్కొక్కరినీ అడగండి. సభ్యుడి చీటీ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. సుంకం డబ్బుతో గవర్నర్లకు, జడ్జీలకు జీతాలివ్వాలన్నది లండన్ ఉద్దేశం. జీతం ఇచ్చే అధికారం పోతే సభ మాట వాళ్లెందుకు వింటారు? "ప్రాతినిధ్యం లేని పన్ను" (పార్లమెంటులో తమ ప్రతినిధులు లేకుండా వేసే పన్ను) వద్దనే నినాదానికి అసలు బరువు ఇక్కడుంది. బానిసల పాత్రలు మాత్రం పిల్లలచేత వేయించవద్దు. ఆ బాధ ఆటవస్తువు అవుతుంది, క్లాసులో నల్లజాతి పిల్లలకు గాయం అవుతుంది.

ఆ రాత్రే ఎందుకన్నది కూడా వాళ్లచేతే చెప్పించవచ్చు. డార్ట్‌మత్ ఓడ నవంబరు 28న వచ్చింది. 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ వాళ్లు సరుకు జప్తు చేసుకోవచ్చు. న్యూయార్క్, ఫిలడెల్ఫియాలకు వచ్చిన టీ ఓడలు వెనుదిరిగాయి. బోస్టన్‌కు వచ్చినవాటిని మాత్రం హచిన్సన్ కదలనివ్వలేదు. వేళ్లమీద రోజులు లెక్కపెడితే డిసెంబరు 16 దగ్గరికి వచ్చి ఆగుతారు, ఇక ఆ తేదీని వల్లె వేయించే పనిలేదు.

మూడోసారి కాగితాలు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ డిసెంబరు 17న డైరీలో ఆ పనిని ఆకాశానికెత్తాడు. ఆయన ఓడ ఎక్కినవాడు కాదు. ఎక్కినవాడు జార్జ్ హ్యూస్ అనే చెప్పులు కుట్టే మనిషి, కానీ ఆయన జ్ఞాపకాలు అచ్చయింది 1834లో, అరవై ఏళ్ల తర్వాత. ఎవరిని ఎంతవరకు నమ్మాలి? దానికి జతగా 1846లో నథానియల్ కరియర్ అచ్చువేసిన బొమ్మ పెట్టండి. అందులో పట్టపగలు, గట్టు మీద జనం టోపీలూపుతూ కేరింతలు. జరిగింది చీకట్లో, చాలావరకు నిశ్శబ్దంగా. ఇక్కడ పిల్లలు ఒక గోతిలో పడతారు: "అందరూ అబద్ధాలే చెబుతారు, నిజం ఎవరికీ తెలియదు" అనేస్తారు. ఒప్పుకోకండి. ఆడమ్స్, హ్యూస్, ఆనాటి పత్రికలు ఏయే విషయాల్లో కలుస్తున్నాయో గీత గీయించండి. దేశభక్తులంతా ఏకమాట మీద ఉన్నారన్న భ్రమ పోవాలంటే, టీ పారబోయడాన్ని తాము మెచ్చుకోలేదని 1774లో ఉత్తరం రాసిన వాషింగ్టన్‌ను, కంపెనీకి నష్టపరిహారం ఇవ్వమన్న ఫ్రాంక్లిన్‌ను చూపించండి.

టీ పారబోసినవాళ్లలో కొందరు అమెరికా ఆదివాసుల వేషం వేసుకున్నారు. వాళ్లను పాఠ్యపుస్తకంలో "ఇండియన్లు" అని రాసి ఉంటే మన పిల్లలు ఇబ్బందిగా నవ్వుతారు. అది మోహాక్ అనే ఆదివాసీ జాతి వేషమని పేరుపెట్టి చెప్పండి. అసలు ఇండియా ఈ కథలోకి వేరే దారిన వస్తుంది. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే కంపెనీ ఢిల్లీ పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారులు తనవంది, మరుసటి ఏడాది నిజాంతో ఒప్పందం చేసుకుంది. 1770 బెంగాల్ కరువు తర్వాత చితికిపోయి పార్లమెంటును అప్పు అడిగింది. కంపెనీ గోదాముల్లో పేరుకున్న టీని వదిలించుకోవడానికే టీ చట్టం. 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్ల చేతిలో ఓడిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది ఆయన హయాంలోనే. తాతగారిది గుంటూరు జిల్లా అయిన పిల్లలకు ఇది చెప్పకపోవడం అన్యాయం.

చివర ఒక పేరా రాయించండి, ఆరు వాక్యాలు చాలు. అందులో ఒక వాక్యం తన వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యం కావాలి. గోడ మీది మొదటిరోజు ఊహల్లో ఏది నిలిచింది, ఏది కొట్టేయాలి అన్నది కూడా వాళ్లే తేల్చాలి. ఇంకా సమయముంటే డార్ట్‌మత్ ఓడ దగ్గరికే మళ్లీ రండి. టీతోపాటు అందులో ఫిలిస్ వీట్లీ కవితల పుస్తకాలు కూడా వచ్చాయి. పసితనంలో ఆఫ్రికా నుంచి బానిసగా బోస్టన్‌కు తెచ్చిన అమ్మాయి ఆమె. ఆ పుస్తకాలు టీ కంటే ముందే క్షేమంగా ఒడ్డుకు దిగాయి. ఆ నెలలో బోస్టన్‌లో స్వేచ్ఛ అనే మాట ఎవరెవరి నోట, ఏ అర్థంలో వినిపించిందో పిల్లల్ని వెతకమనండి.