మాకు చందాలు వద్దు, ఆర్డర్లు ఇవ్వండి

ఈ మధ్య మన దగ్గర ఎవరైనా చిన్న వ్యాపారం పెట్టుకుంటా అంటే చాలు, ఎవడో ఒకడు కెమెరా పట్టుకొచ్చి ముందు ఏడిపిస్తున్నాడు. పాలమూరు మనిషైతే బొంబాయి బస్సు, ముల్లె మూట చూపిస్తారు. నల్గొండ మనిషైతే ఎక్కడిదో ఫ్లోరైడ్ బాధితుల పాత ఫోటో. వెనకాల ఏడుపు మ్యూజిక్, చివర్లో చందా వేయమని క్యూఆర్ కోడ్. దీనికే క్రౌడ్‌ఫండింగ్ అని పేరు, అంటే ఆన్‌లైన్‌లో నలుగురి దగ్గరా తలా కొంత పోగుచేయడం. అరే, ఆ మనిషి అమ్మేది పల్లి నూనె కదా, మరి నూనె సంగతి ఎక్కడ? లీటర్ ఎంత, పల్లీలు ఎక్కడివి, ఎన్ని నెలలు నిల్వ ఉంటుంది, ఒక్క ముక్క ఉండదు.

లోన్ ఫైళ్లు, ప్రాజెక్ట్ రిపోర్టులు రాసిపెట్టే పని నాది, నల్గొండలో. కాబట్టి ఇలాంటి వీడియోలు వైరల్ అయినా, అట్టర్ ఫ్లాప్ అయినా, ఆ తర్వాతి తంటా అంతా నా టేబుల్ మీదికే వస్తుంది. హాస్పిటల్ బిల్లు కోసం అడిగే చందాల జోలికి నేను పోవడం లేదు, ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరి పైసలైనా పైసలే. నా లొల్లి అంతా వ్యాపారం పేరు చెప్పి జాలి అడగడం గురించే.

అచ్చంపేట వైపు నాకు తెలిసిన తమ్ముడు ఒకడు కట్టెగానుగ పెట్టాడు. వీడియో మస్తు తిరిగింది, గానుగకు సరిపడా డబ్బులు పడ్డాయి. షెడ్డుకు, త్రీఫేజ్ కనెక్షన్‌కు ఇంట్లోవాళ్లు అప్పు తెచ్చారు. తీరా యాసంగి పల్లి మార్కెట్‌కు దిగి రేటు తగ్గినప్పుడు బస్తాలు కొని పెట్టుకుందామంటే చేతిలో రూపాయి లేదు. లీటర్ నూనె దిగాలంటే రెండున్నర కిలోల దాకా గింజలు పొయ్యాలి, మరి ఆ గింజలకు పైసలు ఎవరిస్తారు? మళ్లీ వీడియో పెడితే "మొన్ననే ఇచ్చాం కదా" అన్నారు. ఊళ్లోనేమో "వానికేందిరా, అమెరికా పైసలొచ్చినయ్" అని ఒకటే మాట, కిరాణా షాపులో ఉద్దెర కూడా ఇవ్వరు. చందా వేసిన పెద్దమనుషులు మాత్రం నెలకోసారి ఫోన్ చేసి లెక్క అడుగుతారు. సరే సార్, నూనె ఏమైనా పంపమంటారా అంటే, "మేం రిఫైన్డే వాడతాం" అట!

ఇంకో సంగతి, చందా అడిగే ఈ పేజీలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. రాసేది, షేర్ చేసేది సాఫ్ట్‌వేర్‌లో ఉన్న కొడుకో, మేనల్లుడో. అట్లాంటి కొడుకు లేని ఇంట్లో ఎంత మంచి పచ్చడి పెట్టినా ఆ వాడ దాటి పోదు. అందరికీ తలుపులు తెరుస్తుందన్న క్రౌడ్‌ఫండింగ్ మన దగ్గర ఆల్రెడీ తలుపు తెరిచి ఉన్న ఇళ్లకే వస్తోంది.

చందా ఎందుకన్నా, వ్యాపారంలో వాటా ఇస్తామని అడుగుదాం అంటారు కుర్రాళ్లు. కుదరదు రా నాయనా. అమెరికాలో 2016 నుంచి మామూలు జనం కూడా వెబ్‌సైట్ల ద్వారా చిన్న కంపెనీల్లో డబ్బు పెట్టొచ్చు, 2021లో ఒక్కో కంపెనీ అట్లా పోగుచేసుకునే పరిమితిని ఏడాదికి 50 లక్షల డాలర్లు చేశారు. ఇక్కడ షేర్ మార్కెట్‌ను చూసుకునే సెబీ 2014లో దీని మీద ఒక చర్చాపత్రం విడుదల చేసింది, 2016లో అనుమతి లేని ప్లాట్‌ఫామ్‌లతో జాగ్రత్త అని హెచ్చరించింది, మనలాంటివాళ్లు వాటా అమ్ముకునే దారి మాత్రం తెరవలేదు. 2013 కంపెనీల చట్టంలో సెక్షన్ 42 ప్రకారం ప్రైవేట్ కంపెనీ వాటాలు ఏడాదికి 200 మందికి మించి ఆఫర్ చేయకూడదు, అది కూడా బయట ప్రకటన ఇవ్వకుండా. వాట్సాప్ స్టేటస్‌లో "పెట్టుబడి పెట్టండి, లాభం పంచుతా" అని రాస్తే ఏమవుతుందో ఆలోచించుకోండి. వడ్డీ ఇస్తానని ఊరంతా డిపాజిట్లు పోగుచేస్తే, అనుమతి లేని డిపాజిట్లను నిషేధించిన 2019 చట్టం వేరే ఉంది. జనం జనానికే అప్పు ఇచ్చుకునే ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లకు ఆర్‌బీఐ 2017లో రూల్స్ పెట్టింది, అందులో ఒక మనిషి ఇంకో మనిషికి ఇవ్వగలిగేది 50 వేలే.

అందుకే మనోళ్లు ఇప్పటికీ చిట్టీనే నమ్ముతారు. మా బజారులో సగం షాపులు చిట్టీ లేపిన డబ్బుతో తెరిచినవే. పాటలో తగ్గించి లేపుకున్నా సరే, ఎవరి ఇల్లు ఎక్కడుందో అందరికీ తెలుసు.

నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది, అది పుట్టపాకలో చూశాను. మా చిన్నమామ వాళ్లది చేనేత. డబుల్ ఇక్కత్ అంటే పడుగుకూ పేకకూ, అంటే నిలువు దారాలకూ అడ్డ దారాలకూ, రెంటికీ చిటికి కట్టి (రంగు అంటకూడని చోట ముడి బిగించి) రంగు అద్దాలి. పడుగు మగ్గం ఎక్కిందంటే ఏడెనిమిది చీరలు వరుసగా దిగుతాయి, పడుగు మీద ఒకసారి డిజైన్ పడ్డాక మార్చేది లేదు. మొదట సిటీ నుంచి వచ్చిన ఒక సంస్థ ఇది తెలుసుకోకుండా ఆన్‌లైన్‌లో ముందే డబ్బులు కట్టించుకుని, ఒకరికి నెమలి రంగు, ఒకరికి మెరూన్, ఒకరికి చిన్న బార్డర్ అని మాటిచ్చింది. పాపం మామ. రంగు ఆరని వానాకాలం, రోజూ "ఎక్కడిదాకా వచ్చింది?" అని మెసేజులు. సగం మందికి డబ్బులు వాపస్ ఇచ్చే సరికి ఉన్న నూలు పైసలు కూడా పోయాయి. ఇది మన దగ్గరే జరిగే గొడవ కూడా కాదు. కిక్‌స్టార్టర్ అనే అమెరికా క్రౌడ్‌ఫండింగ్ వెబ్‌సైట్‌లో డబ్బు సమకూరిన ప్రాజెక్టుల్లో సుమారు 9 శాతం మాటిచ్చిన వస్తువు ఇవ్వలేకపోయాయని 2015లో ఈథన్ మోలిక్ అనే ప్రొఫెసర్ లెక్క తేల్చారు.

ఆ తర్వాత ఎనిమిది మంది ఆడవాళ్లు, అందరూ ఒకే ఆఫీసువాళ్లు, ఒక్క డిజైన్‌కు ఒప్పుకుని సగం అడ్వాన్స్ ఇచ్చారు. ఆ అడ్వాన్స్‌తో మామ పట్టు నూలు తనే కొన్నాడు. మామూలుగానైతే నూలు సావుకారి ఇస్తాడు, మామకు మిగిలేది కూలీ. ఈసారి చీర ఆయనది, ధర ఆయనది. వానలు పడితే నెల ఆలస్యం అని ముందే రాసుకున్నారు, అట్లనే ఆలస్యమైంది కూడా, ఎవరూ నోరెత్తలేదు. ఇది క్రౌడ్‌ఫండింగ్ కాకపోతే మరేంటి? క్రౌడ్ ఎనిమిది మందే, అంతే తేడా.

బ్యాంకులో కూడా ఇదే పనికొస్తుంది. ఖాతాలో ఐదు వందలు, వెయ్యి చొప్పున ముక్కూ మొహం తెలియని వాళ్ల జమలు కనిపిస్తే మేనేజర్ గారు "ఇవెక్కడివయ్యా" అని కళ్లద్దాలు సర్దుకుంటారు. అవే ఆర్డర్ అడ్వాన్సులైతే ఫైలు నడుస్తుంది. పీఎంఈజీపీ, అంటే చిన్న యూనిట్ పెట్టుకోవడానికి కేంద్రం సబ్సిడీ ఇచ్చే లోన్‌లో మన వాటాగా 5 శాతమో, జనరల్ కేటగిరీ అయితే 10 శాతమో చూపించాలి, ఆ వాటా కూడా ఈ అడ్వాన్సుల మీద మిగిలిన లాభంలోంచి కొంత సర్దుకోవచ్చు.

చందా నిజంగా కావాల్సిన చోటు ఒకటుంది, ఒప్పుకుంటా. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ చేతి నొప్పి చూడలేక ఆసు యంత్రం (నేసే ముందు నూలును చేత్తో తిప్పి చుట్టే పని చేసిపెట్టేది) మీద 1992లో కూర్చుంటే, అది పూర్తయ్యేసరికి 1999 అయింది. ఆ ఏళ్లలో అమ్మడానికి వస్తువు లేదు, ఆర్డర్ ఇవ్వడానికి కొనేవాడు లేడు, ఊళ్లో పిచ్చోడన్నారు. 2017లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు మాత్రం అందరం చప్పట్లు కొట్టాం. సగం తయారైన యంత్రానికి చందా వేయండి, పోయినా పర్లేదనుకుని వేయండి. కానీ సగం యంత్రానికి వీడియో బాగా రాదు కదా, అందుకే దానికి ఎవరూ లింక్ పెట్టరు!

ఇకపోతే నన్ను "అన్నా, జర మన లింక్ షేర్ చెయ్యి" అని అడిగేవాళ్లకు: వస్తువేంటి, ధరెంత, ఎప్పటికి ఇస్తారు, ఆలస్యమైతే ఏం చేస్తారు, ఇవి నాలుగు లైన్లు తెలుగులో రాసి పంపండి, ఈ రోజే షేర్ చేస్తా. వీడియో పంపకండి.