మామిడి ఎగుమతుల్లో నంబర్ వన్ కావడం ఎలా?

మామిడి ఎగుమతుల్లో మీ రాష్ట్రం వెనకబడిందని ఎవరన్నా అంటే కంగారు పడకండి. తోటలో సంగతి తోటలోనే తేల్చుకోవాలంటే మొక్క నాటి కాపుకొచ్చే దాకా ఏళ్ళు పడుతుంది. ఎక్సెల్ షీట్‌లో అయితే మధ్యాహ్నం భోజనం లోపు తేలిపోతుంది.

ముందు పోలికకి మొదటి సంవత్సరం ఏదో జాగ్రత్తగా ఎంచుకోవాలి, సగం గెలుపు అక్కడే ఉంది. 2011-12లో మన దేశం 63 వేల టన్నుల పైచిలుకు తాజా మామిడి బయటికి పంపింది, 2023-24లో 32 వేల టన్నులు. మీరు ప్రతిపక్షంలో ఉంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టి "సగానికి దించేశారు" అని గొంతు చించుకోవచ్చు. అధికారంలో ఉంటే కోవిడ్ ఏడాది నుంచి మొదలెట్టండి. 2020-21లో 21 వేల టన్నులే కాబట్టి మూడేళ్ళలో 50 శాతం వృద్ధి వచ్చేస్తుంది, విమానాలు సరిగ్గా ఎగరని ఏడాదితో పోటీ ఏంటని ఎవరో ఒకరు అడిగేలోపు ప్రెస్ మీట్ అయిపోతుంది. టన్నులు మరీ మొండికేస్తే రూపాయల్లోకి మారిపోండి. 2019-20లో దాదాపు 50 వేల టన్నులకి 400 కోట్లు వచ్చాయి, 2023-24లో 32 వేల టన్నులకే 495 కోట్లు. పంపింది తక్కువ, వచ్చింది ఎక్కువ, ఇంకేం కావాలి.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఏడాది మాత్రం 2014. పండు ఈగ దొరికిందని ఆ మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడిని రానివ్వలేదు, సీజన్ అంతా పోయాక మరుసటి జనవరిలో గానీ నిషేధం ఎత్తలేదు. టీవీల్లో ఒకటే గగ్గోలు. తీరా లెక్క తీస్తే, 2013-14లో 41 వేల టన్నులు వెళ్ళిన చోట నిషేధం ఏడాదిలో 43 వేలకి దగ్గరగా వెళ్ళాయి! గల్ఫ్ వాళ్ళు తినేదాని ముందు యూరప్ వాళ్ళు తినేది ఎంతని. ఈ లెక్కన ఇంకో రెండు ఖండాల కాళ్ళు పట్టుకుని నిషేధం వేయించుకుంటే 2011-12 అంకెని కూడా దాటేయొచ్చేమో, వ్యవసాయ శాఖ ఆలోచించాలి.

అదే ఏడాది జూన్ 2న తెలంగాణ వచ్చింది. అంతకు ముందు పట్టికల్లో తెలంగాణకి వరసే లేదు, అంటే సున్నా. సున్నా నుంచి ఎంత పెరిగినా శాతం అనంతం. అటు ఆంధ్రకీ లోటు లేదు, ఏ అంకె తగ్గినా విభజన వల్లే అనేస్తే సరిపోతుంది. ఇద్దరూ గెలిచిన విషయం ఇదొక్కటే అనుకుంటా.

ఇక ప్రాంతాల పోటీకి వస్తే, పండించడంలో ఉత్తరప్రదేశ్, ఆంధ్రప్రదేశ్ కొట్టుకుంటాయి, ఎగుమతుల్లో పేరు మహారాష్ట్రది. వాళ్ళ ఆపూస్, అదే అల్ఫాన్సో, గొప్పదే, కాదనను (బంగినపల్లి తిన్న నోటితో అంతకంటే ఎక్కువ ఒప్పుకోలేను). కానీ ముంబైకి ఓడరేవుంది, విమానాశ్రయముంది, పురుగు పోవడానికని అమెరికా వెళ్ళే పండుకి తప్పనిసరి చేసిన రేడియేషన్ కేంద్రం పక్కనే నవీ ముంబై వాషిలో ఉంది. డాలస్‌లో మనవాళ్ళు పెట్టెకి నలభై యాభై డాలర్లు పోసి కొనుక్కునే బంగినపల్లి కూడా తరచూ ఆ ముంబై గడప దాటే వెళ్తుంది.

గుజ్జు కథ ఇంకా బాగుంటుంది. బయటికి పోయేది మామిడి గుజ్జుగానే ఎక్కువ, మంచి ఏడాదుల్లో లక్ష టన్నులు దాటుతుంది, అందులో చిత్తూరు తోతాపురిది పెద్ద వాటా. "తాజా మామిడి" పట్టికలో మాత్రం ఇది ఎక్కడా కనపడదు. 2025 జూన్‌లో కర్ణాటక తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆపేశారు, కర్ణాటక ముఖ్యమంత్రి ఆంధ్ర ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు, సరిహద్దులో పెద్ద టెన్షన్. ఒకవేళ ఆ కాయని రానిచ్చి ఉంటే, కర్ణాటకలో కాసి, ఆంధ్రలో గుజ్జయి, తమిళనాడులో చెన్నై రేవున ఓడెక్కేది, మూడు రాష్ట్రాలూ ఎవరికి వారు తమ విజయంగా రాసుకునే వీలుండేది. జాతీయ సమైక్యత అంతకన్నా ఏముంటుంది? ఇటు చిత్తూరులో తోతాపురి పండించిన రైతుకి ఆ ఏడాది కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ఆంధ్ర సర్కారు 4 రూపాయలు ఇవ్వాలని తేల్చారు. యార్డు బయట ట్రాక్టర్లు రోజుల తరబడి వరసలో నిలబడ్డాయి, కానీ ఎగుమతుల పట్టికలో దానికి గడి లేదు కాబట్టి మనం ఇక్కడ చర్చించకూడదు.

దేశాల మధ్య పోలిక పెట్టాలన్న ఉత్సాహం ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. ప్రపంచంలో పండే మామిడిలో అతి పెద్ద వాటా మనదే. నెదర్లాండ్స్‌లో మామిడి తోటల్లేవు. అయినా బ్రెజిల్, పెరూల నుంచి రోటర్‌డామ్ రేవులో దింపుకున్న పండుని పక్క దేశాలకి తిప్పి పంపుతూ మన తాజా పండుకి ఎన్నో రెట్లు ఎగుమతి చేస్తున్నట్టు లెక్క చూపిస్తుంది.

కాబట్టి రెండు తెలుగు ప్రభుత్వాలూ కలిసి ఒక డచ్ బృందాన్ని పిలిపించుకోవాలని నా సూచన. నూజివీడు, చిత్తూరు, జగిత్యాల తిప్పనక్కర్లేదు, మామిడి గురించి వాళ్ళకేం తెలుసు పాపం. శంషాబాద్‌లో దిగగానే ఏసీ హాల్లో కూర్చోబెట్టి, సాయంత్రానికల్లా ఆ పట్టిక ఎలా నింపాలో నేర్పించుకుని పంపేయొచ్చు. వెళ్ళేటప్పుడు చేతికో పెట్టె బంగినపల్లి ఇద్దాం, వాళ్ళ దేశం దాటించాక అదీ వాళ్ళ ఖాతాలోనే పడుతుంది.