అలిపిరి నైట్రో ఎక్స్‌ప్రెస్ ఆవశ్యకత

తిరుపతికి విమానాశ్రయం ఉంది, ఐఐటీ ఉంది, లడ్డూకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తన పేరు పెట్టుకున్న తూటా మాత్రం ఒక్కటీ లేదు. ఈ లోటు ఇన్నేళ్లుగా ఏ ప్రజాప్రతినిధి కంటా పడకపోవడం విచారకరం. దాన్ని పూడ్చడానికి బైరాగిపట్టెడలో ఉంటున్న మా మిత్రుడు, పదవీ విరమణ చేసిన ఇంజనీరు, నడుం కట్టారు. నడిమికి వంచి తెరిచే జోడు గొట్టాల రైఫిలు కోసం, అడుగున అంచు గల, లోకంలో ఏ అంగట్లోనూ దొరకని తూటాను ఆయన రూపొందిస్తున్నారు. తూటా అంటే ఇక్కడ ఒక్క గుండే కాదు, గుండూ పేలుడు మందూ వాటిని పట్టి ఉంచే ఇత్తడి తొడుగూ కలిసినది. ఏ కర్మాగారమూ చేయని ఇటువంటి సొంత తూటాలను తుపాకీల వాళ్లు వైల్డ్‌క్యాట్లు అంటారు. ఆయనకు ఆ రైఫిలు లేదు, లైసెన్సు లేదు, కాల్చదగిన జంతువూ లేదు. ఒక రూపకర్త నిష్పాక్షికంగా ఆలోచించడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదని నా నిశ్చితాభిప్రాయం.

అంచు ఎందుకని అడిగే అజ్ఞానుల కోసం రెండు మాటలు. తుపాకీని వంచగానే, కాలిపోయిన ఇత్తడి తొడుగును వెనక్కి నెట్టే ఎక్స్‌ట్రాక్టరు పట్టుకోవడానికి ఆ అంచే ఆధారం. తూటా గొట్టంలోకి ఎంతవరకు దిగాలో నిర్ణయించేదీ అదే. అంచు లేని తూటాలతోనూ ఇటువంటి రైఫిళ్లు చేస్తారు గాని, వాటికి స్ప్రింగుతో పనిచేసే చిన్న కొక్కెం ఒకటి అదనంగా అమర్చాలి. ఏనుగు ఎదురుగా నిలబడినప్పుడు స్ప్రింగును నమ్ముకోవడం వివేకం కాదంటారు మిత్రుడు. తిరుచానూరు రోడ్డులో ఏనుగు ఎప్పుడు ఎదురవుతుందో ఎవరికి తెలుసు?

ఇక చరిత్రకు వస్తే, ఈ తూటాలను పుట్టించింది వేటగాళ్లు అనుకోవడం పొరపాటు. 1898లో రిగ్బీ అనే లండన్ తుపాకీ కంపెనీ 450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే తూటాను తెచ్చింది. 450 అన్నది గొట్టం లావుకు, అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన, ఇంచుమించు కొలత; నైట్రో అంటే కార్డైటు వంటి పొగరాని మందు. అందులో 31 గ్రాముల గుండు, దాని వెనుక పొడవాటి, విశాలమైన ఇత్తడి తొడుగు. మన దేశపు ఎండకు కార్డైటు వేడెక్కి ఒత్తిడి పెరిగినా తొడుగు బిగుసుకోకుండా సులువుగా బయటికి రావాలని ఆ విశాలత. రేణిగుంట ఎండను లండన్‌లో కూర్చుని లెక్కవేసిన ఆ మహానుభావులకు మనం ఇంతవరకు సన్మానం చేయలేదు. అంతలో తిరుగుబాటుదారుల దగ్గర ఉన్న, అదే 450 కొలత గల పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకుల్లోకి ఈ గుండ్లు చేరతాయేమోనని భయపడిన బ్రిటిష్ ప్రభుత్వం, 1907 ప్రాంతంలో 450 కొలత తూటాలు భారతదేశంలోకి రాకుండా నిషేధించింది. వెంటనే బ్రిటన్ తుపాకీ కంపెనీలు 465, 470, 475, 476 అంటూ పోటీపడి కొత్త కొలతలు కనిపెట్టాయి. 450 గుండుకూ 470 గుండుకూ లావులో తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. పులికి ఆ తేడా తెలిసే అవకాశం లేదు. కస్టమ్స్ గుమాస్తాకు మాత్రం బాగా తెలిసింది. ఒక్క సర్కారు ఉత్తర్వు ఇన్ని తూటాలను కన్న వైనం చదివాక, ఆవిష్కరణకు అవసరమే తల్లి అని చెప్పేవారి మీద నాకు గౌరవం తగ్గింది.

మిత్రుడి డ్రాయింగు ఈ సంప్రదాయానికి వారసురాలు. 470 తొడుగును తీసుకుని, దాని మెడను మన ఆర్డినెన్సు ఫ్యాక్టరీల 315 గుండు పట్టేంతగా సన్నం చేశారు. కడుపు అంత పెద్దదై మెడ ఇంత సన్నమైతే, మందు సగం వృథాగా మండి గొట్టం గొంతును తినేస్తుందని తెలిసినవారు ఆక్షేపించారు. జర్మన్ల 9.3×74ఆర్ అనే అంచు తూటా శతాబ్దం కిందటే పుట్టి ఈనాటికీ దొరుకుతోందని మరొకరు గుర్తుచేశారు. ‘దొరుకుతుంది కాబట్టే అది పనికిరాదు’ అని మిత్రుడు ఒక్క ముక్కలో తేల్చేశారు.

పేరు విషయంలో కొంత ఇబ్బంది కలిగింది. మొదట శేషాద్రి ఎక్స్‌ప్రెస్ అనుకున్నారు గాని, ఆ పేరుతో ఇదివరకే కాకినాడకు రైలు నడుస్తోంది. నిజానికి 1856లో పర్డీ అనే లండన్ తుపాకీల ఆసామి తన రైఫిలు వేగాన్ని చాటుకోవడానికి ఎక్స్‌ప్రెస్ అన్న మాటను రైలు నుంచే తెచ్చుకున్నాడు కనుక, రైల్వేవారు అభ్యంతరం చెప్పినా న్యాయం వారి పక్షానే ఉంటుంది. చివరికి అలిపిరి నైట్రో ఎక్స్‌ప్రెస్ ఖాయమైంది.

ఇత్తడితో చేయించడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు. 1959 ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. అందువల్ల మిత్రుడు కొయ్యబొమ్మలకు పేరుపొందిన మాధవమాలకు వెళ్లి, కొయ్యతో నమూనా చెక్కించారు. శిల్పి డ్రాయింగును అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇది ఏ గుళ్లోకి సామీ? పీఠం మరీ సన్నంగా ఉండాది, ఇంకొంచెం ఎడల్పు పెట్టనా?’ అని అడిగాడు. అంచు మందం ఒక మిల్లీమీటరు దాటకూడదని మిత్రుడు గట్టిగా చెప్పి వచ్చారు. నమూనా అందేసరికి అంచు కొలత సరిగ్గానే ఉంది. దాని చుట్టూ పద్మదళాలు అదనంగా ఉన్నాయి. వాటిని గోకించేయాలా, లేక రూపకల్పనలో భాగంగా అంగీకరించాలా అన్న చర్చ ఇంకా ముగియలేదు. దళాలు ఉంటే ఎక్స్‌ట్రాక్టరుకు పట్టు బాగుంటుందని నా మనవి.

రైఫిలు సమకూరినా చిక్కు తీరదని ఒప్పుకోవాలి. జోడు గొట్టాలు ఒకే ఇంట్లో కాపురముంటున్న తోడికోడళ్ల వంటివి. వాటిని చేసినవాడు ఏ ఒక్క తూటా పెట్టి రాజీ కుదిర్చాడో, ఆ తూటాతోనే రెండు గుండ్లూ ఒకచోటికి చేరతాయి. గుండు బరువో మందో మారిందంటే ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు. కాబట్టి కొత్త తూటాకు కొత్త రైఫిలే చేయించాలి. 2019 సవరణే మనిషికి రెండు తుపాకులకు మించి ఉండరాదని కూడా అంది గనుక, జోడు గొట్టాలను ఒకటిగా లెక్కిస్తారా రెండుగానా అని మిత్రుడు దిగులుపడుతున్నారు. పైగా ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకీని పోలీసు స్టేషనులో అప్పగించమంటారు. మన ప్రాంతంలో ఎన్నికలు పులులకంటే తరచుగా కనిపిస్తాయి. వేటకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డు. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి దాటి వచ్చే ఏనుగులను రైతులు టపాసులు కాల్చి తోలుతున్నారు గాని, టపాసులకు అంచు ఉండదు కనుక మిత్రుడు వాటిని లెక్కలోకి తీసుకోరు.

ఇన్ని అడ్డంకుల మధ్య ప్రభుత్వాన్ని మేము కోరేది అనుమతి కానే కాదు. 1907 నాటి అనుభవం చూశాక, అనుమతితో ఏ తూటా పుట్టిందో చూపమనండి! జిల్లా పరిధిలో ఎవరి దగ్గరా లేని 470 కొలతను తక్షణం నిషేధించవలసిందిగా కలెక్టరు కార్యాలయంలో అర్జీ ఇచ్చాము, రసీదు కూడా తీసుకున్నాము. ఉత్తర్వు వెలువడిన మరుసటి రోజే సమర్పించడానికి 471 డ్రాయింగు సిద్ధంగా ఉంది.